బుడమేరు నీళ్ళలో మునిగిన 1998 మారుతి 800: ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

సింగ్‌నగర్_800
మాది 1998 మారుతి 800. కార్బొరేటర్ బండి, నాలుగు గేర్లు, ఏపీ 16 నంబరు. నాన్న కొత్తది కొన్నారు. ఆయన తప్ప ఇంకెవరూ పెద్దగా నడిపింది లేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధిలోకి వచ్చింది. మేం పై అంతస్తుకి ఎక్కేసరికే చక్రాలు మునిగాయి. సాయంత్రానికి స్టీరింగ్ దాకా నీళ్ళు. వారం పైనే అలా ఉండిపోయింది. తర్వాత ఇల్లు కడుక్కోవడం, ఫ్రిజ్జూ మోటారూ బాగుచేయించుకోవడం, ఆ గొడవలో బండి సంగతి ఎవరికీ పట్టలేదు. ఈ ఏడాది ఫిబ్రవరిలో నాన్న పోయారు. బండి మాత్రం రేకుల షెడ్డులో అలాగే ఉంది, అద్దాల మీద బురద చారతో సహా.

ఈ వారం ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకాయన బానెట్ ఎత్తకుండానే పాతిక వేలు చేతిలో పెడతా, తుక్కుకి ఇచ్చేయమన్నాడు. రెండో ఆయన లక్షన్నర అవుతుందన్నాడు, దేనికెంతో మాత్రం చెప్పడు. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీదే కాబట్టి అటునుంచి రూపాయి రాదు.

నాకు బైకు పని వచ్చు. కార్బొరేటర్ విప్పి కడిగి బిగిస్తాను, క్లచ్ ప్లేట్లు మారుస్తాను. కారు ఎప్పుడూ విప్పలేదు. ఆదివారాలు ఖాళీ. నెలకి ఏడెనిమిది వేలు పెట్టగలను. ఎక్కడ మొదలుపెట్టాలి? పనిలో పనిగా అలాయ్ వీల్స్, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు కూడా వేసేద్దామని ఉంది. రేపు కొత్త బ్యాటరీ తెచ్చి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దామనుకుంటున్నా.

పటమట_పానా
సెల్ఫ్ కొట్టొద్దు తమ్ముడూ. ముందు ఈ ఒక్క మాట చదువు, మిగతావి తర్వాత.

సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు వాటికి పోయే దారి ఉండదు. గాలి అణుగుతుంది, నీళ్ళు అణగవు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్ళు ఆరిపోయినా తుప్పు పిస్టన్ రింగులను సిలిండర్ గోడకి అతికించేసి ఉంటుంది, బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. ప్లగ్గులు మూడూ విప్పు. టార్చి వేసి లోపల చూడు. డిప్ స్టిక్ తీసి ఆయిల్ రంగు చూడు, పాలు పోసిన టీలా ఉంటే నీళ్ళు కలిసినట్టే. ఫొటోలు పెట్టు.

కృష్ణలంక_కుర్రోడు
పానా అన్న చెప్పింది అక్షరాలా నిజం. మా బంధువుల వీధిలో ఒకాయన నీళ్ళు తీయగానే సెల్ఫ్ కొట్టాడు. టక్ మని ఒక్క శబ్దం, అంతే. వరదలో బతికిన ఇంజిన్‌ని వరద తగ్గాక చంపుకున్నాడు.

ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజులవి. రిటైనింగ్ వాల్ ఉండబట్టి మా కృష్ణలంక వాళ్ళం బయటపడ్డాం, లేకపోతే నా బండీ మీ బండి పక్కనే ఉండేది.

నల్లపాడు_నట్టు
కటువుగా ఉన్నా చెబుతా. ఇచ్చేయండి. వారం రోజులు బురదలో, పద్నాలుగు నెలలు షెడ్డులో. ఇంజిన్, బ్రేకులు, వైరింగ్, సీట్లు, ఫ్లోరు, ఏదీ మిగలదు. మీరు పెట్టే డబ్బులో సగానికి నడిచే 800 దొరుకుతుంది. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో కొత్త బండి టాక్స్‌లో రాయితీకి వీలుంది. బయట తుక్కు వాడికి మాత్రం ఇవ్వకండి, మీ ఆర్సీ రద్దు కాకుండా అలాగే ఉండిపోతుంది. రేపు ఆ నంబరు ఇంకే బండి మీద తిరిగినా మీ ఇంటికే వస్తారు.

బ్రాడీపేట_జెన్
నట్టు గారూ, లెక్క మీరు చెప్పినట్టే ఉంటుంది. స్క్రాప్ కాయితాల గురించి చెప్పింది కూడా అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాటే. కాకపోతే ఆయన లాభం అడగలేదు కదండీ, వాళ్ళ నాన్నగారి బండి అడిగారు.

నా 1997 మారుతి జెన్ కథ చెబుతా. గుంటూరులో మా ఇంటి పార్కింగ్‌లోనే రెండేళ్ళు పట్టింది. వరదలో మునగలేదు కానీ ఆరేళ్ళు కదలకుండా ఉంది. నేను చేసిన మంచి పని ఒకటే. మొదటి రోజు ఏమీ విప్పలేదు. ఒక నోట్‌బుక్కు, వంద చిన్న జిప్ కవర్లు, ఒక మార్కర్ కొన్నాను. విప్పిన ప్రతి బోల్టూ కవర్లో, కవరు మీద పేరు, విప్పకముందు ఫొటో. ఎనిమిది నెలల తర్వాత డాష్‌బోర్డు బిగించేటప్పుడు ఒక్క స్క్రూ మిగల్లేదు. మా పక్కింటాయన స్కూటరు విప్పి బిగించినప్పుడు గుప్పెడు మిగిలాయి, అది చూసి నేర్చుకున్నా.

సింగ్‌నగర్_800
సెల్ఫ్ కొట్టలేదు. ముందే అడిగినందుకు బతికిపోయా.

ఈ ఆదివారం చూసినవి: ఒకటో, మూడో సిలిండర్లు ఫర్వాలేదనిపించాయి, మధ్యది ఎర్రగా తుప్పు. ఆయిల్ అచ్చం పానా అన్న చెప్పినట్టే, టీ. క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పబోతే వెంట్రుకంత కూడా కదల్లేదు, ఆపేశా.

తర్వాత కార్పెట్ ఎత్తాను. డ్రైవర్ కాళ్ళ కింద నల్లటి తారు షీటు ఉంటుంది కదా, అది పైకి బాగానే ఉంది. దాని మీద స్క్రూడ్రైవర్ ఆనించి ఊరికే నొక్కితే పిడి దాకా దిగిపోయింది. బయటకి లాగితే కింద సిమెంటు గచ్చు కనిపించింది. చాలాసేపు అక్కడే కూర్చున్నా.

గ్లోవ్ బాక్సులో నాన్న మైలేజీ పుస్తకం దొరికింది. పెన్నుతో రాసిన పేజీలన్నీ నీలం మరకలయ్యాయి. ఆయన ఎక్కువగా పెన్సిల్‌తో రాసేవారు. ఆ పేజీలు ఒక్కొక్కటీ విడదీసి ఆరబెడితే అక్షరాలు చెక్కుచెదరలేదు. తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, ఏ బంకు. కొన్నిచోట్ల పక్కన "గుడివాడ, పెళ్ళి", "చిన్నోడికి జ్వరం, రాత్రి". ఆ చిన్నోణ్ణి నేనే.

తుక్కుకి ఇవ్వనండీ. ఎన్నేళ్ళు పట్టినా సరే.

నల్లపాడు_నట్టు
ఆ పుస్తకం సంగతి ముందే చెప్పి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణే కాదు. నా షెడ్డులో రెండు టన్నుల ట్రాలీ జాకీ ఉంది, స్టాండ్లు నాలుగున్నాయి. నల్లపాడు వచ్చి తీసుకెళ్ళండి, పనయ్యాక ఇవ్వండి. జాకీ మీద ఉన్న బండి కిందకి ఎప్పుడూ దూరకండి. స్టాండ్లు వేశాక కూడా ఒకసారి ఊపి చూసి అప్పుడు దూరండి. ఇటుకలు అసలు పెట్టొద్దు, చెప్పాపెట్టకుండా పగులుతాయి.

పటమట_పానా
ఇంజిన్ పట్టేసింది కాబట్టి ఓపిక కావాలి. ప్లగ్ రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్లో డీజిలూ, ఆటోమేటిక్ గేర్‌బాక్సులకి వాడే ఆయిలూ సగం సగం కలిపి పొయ్యి. వారం వదిలెయ్యి. రోజూ సాయంత్రం పానా వేసి అటు రవ్వంత, ఇటు రవ్వంత. ఒకే వైపు లాగకు. రెంచికి పైపు తొడిగి బలం చేయకు, బోల్టు తెగితే ఇంకో పని. వదిలాక కూడా సంతోషపడి స్టార్ట్ చేయొద్దు, మధ్య సిలిండర్‌కి తుప్పు పట్టింది కాబట్టి హెడ్, అంటే సిలిండర్ల పైన ఉండే మూత, ఎలాగూ దించాలి.

ఈ లోపు ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్ రెండూ ఖాళీ చెయ్యి. గేర్‌బాక్సుకి గాలి పోయే చిన్న దారి ఉంటుంది, నీళ్ళు అందులోంచి దిగుతాయి. చాలామంది ఇంజిన్ ఆయిల్ మార్చి దీన్ని మర్చిపోతారు, ఆర్నెల్లకి బేరింగులు అరుస్తాయి.

కృష్ణలంక_కుర్రోడు
ఆ ఇంజిన్‌తో కుస్తీ ఎందుకన్నా? ఆటోనగర్‌లో ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (కార్బొరేటర్ బదులు కంప్యూటరు పెట్రోలు చిమ్మించే రకం), ఐదు గేర్ల బాక్స్ సెట్టుగా దొరుకుతుంది. దించు, ఎక్కించు. పికప్ కూడా బాగుంటుంది.

లేత్_బాబాయ్
దించు, ఎక్కించు అన్నంత తేలికైతే నేను షాపు మూసుకోవాలి.

ఎంపీఎఫ్ఐ అంటే ఇంజిన్ ఒక్కటే కాదు బాబూ. కంప్యూటరు, దాని వైరింగ్ మొత్తం, టాంకులో పెట్రోలు పంపు, సెన్సర్లు. కార్బొరేటర్ బాడీలో అవన్నీ కూర్చోబెట్టాలి. ఒక్క సెన్సర్ మొరాయించినా రోడ్డు మీద నిలబడతావు. కార్బొరేటర్ బండిని స్క్రూడ్రైవర్‌తో ఇంటికి తెచ్చుకోవచ్చు. సింగ్‌నగర్ అబ్బాయికి కార్బొరేటర్ పని వచ్చు కూడా.

ఆర్సీ_గురువు
పైగా చట్టం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ముందు రవాణా శాఖ అనుమతి, తర్వాత ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవడం తప్పవు. ఎక్కడిదో తెలియని ఇంజిన్ వేసుకుని ఫిట్‌నెస్‌కి వెళ్తే నంబరు దగ్గరే ఆగిపోతుంది.

సింగ్‌నగర్ గారూ, ఆర్సీ ఎప్పటిదాకా ఉంది? 1998 బండి అంటే 2013లో పదిహేనేళ్ళు నిండాయి, అక్కణ్ణుంచి ఐదేళ్ళకోసారి రెన్యువల్.

సింగ్‌నగర్_800
2013లో, 2018లో చేయించారు. 2023లో నాన్నకి ఒంట్లో బాగోలేక వదిలేశాం.

ఆర్సీ_గురువు
అయితే ముందు బండిని మీ పేరు మీదకి మార్చుకోండి. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం, అమ్మగారి అంగీకారం దగ్గర పెట్టుకోండి. తర్వాత ఫారం 25తో రెన్యువల్, ఫిట్‌నెస్. ఇరవై ఏళ్ళు దాటిన కారుకి 2025 ఆగస్టు నుంచి రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు. ఆలస్యానికి రుసుము, గ్రీన్ టాక్స్ వేరే. ఇది మీ బడ్జెట్‌లో ఇప్పుడే రాసుకోండి, చివర్లో తెలిస్తే టెన్షన్.

పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి తిరగకూడదని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. అది ఢిల్లీ చుట్టుపక్కల గొడవ, మనకి కాదు.

తెనాలి_టాపెట్
దీన్ని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చా గురువుగారూ?

ఆర్సీ_గురువు
దానికి యాభై ఏళ్ళు నిండాలి. 2048లో అడగండి, తప్పకుండా చెబుతా.

సింగ్‌నగర్_800
తొమ్మిదో రోజు ఇంజిన్ వదిలింది! సాయంత్రం అమ్మ టీ తెచ్చి పక్కన నిలబడింది, పానా వేసి కొంచెం ఇటు అన్నాను, లోపల ఇసుక నలిగినట్టు చిన్న చప్పుడు, అంతే. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. అమ్మ "కదిలిందా?" అని మూడుసార్లు అడిగింది.

హెడ్ దించాను. మధ్య బోరులో గోరు తగులుకునేంత గుంటలున్నాయి.

లేత్_బాబాయ్
గోరు తగిలిందంటే రుద్దితే పోదు, బోరు కొట్టాలి, అంటే సిలిండర్ లోపలి గోడ చెక్కి కాస్త పెద్దది చేయాలి. ఈ ఇంజిన్ అసలు బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72. బోరు కొడితే మూడూ ఒకే సైజుకి కొట్టించు. మధ్యది ఒక్కటే కొట్టి దానికొక్కదానికే పెద్ద పిస్టన్ వేస్తామని ఎవరన్నా చెబితే ఆ షాపు మెట్లు దిగెయ్. ముందు పావు మిల్లీమీటర్‌తో గుంటలు పోతాయేమో చూస్తారు, పోకపోతే అర. అర మిల్లీమీటర్ పెంచితే 796 సీసీ కాస్తా 808 దగ్గరికి వస్తుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు.

పిస్టన్లు, రింగులు ముందు కొని తీసుకెళ్ళు. పిస్టన్ చేతిలో పెట్టుకుని కొలిచి బోరు కొట్టేవాడే పనివాడు. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, సీళ్ళు అన్నీ ఇప్పుడే మార్చెయ్.

బ్రాడీపేట_జెన్
పిస్టన్లు కొనేటప్పుడు జాగ్రత్త. నాకు ఒక షాపులో కంపెనీ డబ్బాలో నకిలీ రింగులు అంటగట్టారు. డబ్బా మీద ముద్ర కూడా సరిగ్గానే ఉంది. రింగుని ఖాళీ బోరులో పెట్టి సందు ఫీలర్ గేజితో కొలిస్తే ఒక్కోటి ఒక్కోలా వచ్చింది. రెండు నిమిషాల పని అది, చేయకుండా బిగించకండి.

సింగ్‌నగర్_800
మరి ఫ్లోరు? ఎవరో ఎమ్‌సీల్ పూసి పైన రేకు రివిట్ కొట్టమన్నారు.

పటమట_పానా
ఆ ఎవరోకి ఒక దండం పెట్టు. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు తమ్ముడూ, బాడీయే ఛాసిస్. నీ సీటూ, సీటు బెల్టూ ఆ రేకు మీదే నిలబడ్డాయి. తుప్పంతా కోసి మంచి రేకు తగిలేదాకా వెళ్ళాలి. 20 గేజి రేకు అచ్చు తీసి, సీఓటూ వెల్డింగ్‌తో చుక్కలు చుక్కలుగా వేయించు. ఒకే చోట గీతలా లాగితే వేడికి రేకు అప్పడంలా వంకర పోతుంది. వెల్డింగ్ మొదలెట్టే ముందు బ్యాటరీ, డైనమో తీగలు విప్పు, సీట్లు, కార్పెట్ బయటపెట్టు, బకెట్ నీళ్ళు పక్కన ఉంచుకో.

ఇంకా చూడాల్సినవి: రన్నింగ్ బోర్డుల లోపల, బ్యాటరీ ట్రే కింద, ముందు షాక్ అబ్జార్బర్లు బాడీకి బిగిసే చోటు, వెనక చక్రాల పైన. షాక్ అబ్జార్బర్ దగ్గర తుప్పు ఉంటే నువ్వు చేయొద్దు, ఆటోనగర్‌లో మంచి టింకర్ చేత చేయించు. తలుపుల అడుగున నీళ్ళు కారే రంధ్రాలుంటాయి, వాటిలో బుడమేరు బురద గట్టిపడి ఉంటుంది. ఇనప చువ్వతో పొడిచి తియ్యి.

తెనాలి_టాపెట్
చిన్న సామాన్ల తుప్పుకి ఇంట్లోనే కరెంటు వైద్యం ఉంది. ప్లాస్టిక్ తొట్లో నీళ్ళు, లీటరుకి ఒక చెంచా చాకలి సోడా. తుప్పు పట్టిన ముక్కకి బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్, పక్కన ఇంకో లోహం ముక్కకి పాజిటివ్. రెండూ తగలకూడదు. రాత్రి పెడితే పొద్దుటికి తుప్పంతా నల్లటి మసిలా మారి బ్రష్షుకి ఊడొస్తుంది. నేను పాత స్టీలు కంచం వాడాను.

మంగళగిరి_మల్టీమీటర్
కంచం వద్దు! స్టెయిన్‌లెస్ స్టీలు పాజిటివ్‌కి పెడితే అందులోని క్రోమియం నీళ్ళలోకి దిగి విషం అవుతుంది, క్యాన్సర్ తెచ్చే రకం. మామూలు ఇనప ముక్క పెట్టండి. ఇంట్లో గదిలో కూడా చేయొద్దు, హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఆరుబయట పెట్టి, క్లిప్పులు తీసే ముందు ఛార్జర్ స్విచ్ ఆపండి.

తెనాలి_టాపెట్
అయ్యో, తెలియదండీ. ఆ నీళ్ళు మొక్కల్లో పోయలేదు కాబట్టి సరిపోయింది. ఇకనుంచి ఇనప రాడ్డే.

సింగ్‌నగర్_800
టాంకులో పెట్రోలుతో పాటు నీళ్ళు, బురద. అడుగున సూది బెజ్జం కూడా ఉంది. గ్యాస్ వెల్డింగ్ పెట్టిస్తే పోతుందా?

లేత్_బాబాయ్
ఖాళీ టాంకు నిండు టాంకు కంటే ప్రమాదం. లోపల ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే బాంబే. ఎన్నిసార్లు కడిగినా ఇంట్లో ఆ పని చేయకు. బెజ్జం పడిందంటే పక్కన ఇంకో పది సిద్ధంగా ఉన్నట్టే. వేరే టాంకు కొనుక్కో.

పటమట_పానా
కొన్నాక పెట్రోలు రబ్బరు పైపులన్నీ కూడా మార్చు, ఇథనాల్ తట్టుకునే రకం అని అడిగి తీసుకో. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. 1998లో ఆ రబ్బర్లు దాని కోసం చేసినవి కావు. ఉబ్బి, మెత్తబడి, ఇంజిన్ వేడి మీద కారతాయి. కార్బొరేటర్ కిట్ కూడా కొత్తది వెయ్యి. ఇథనాల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, అందుకని బండి నెలల తరబడి నిలబెట్టేట్టయితే టాంకూ, కార్బొరేటర్ గిన్నే ఖాళీ చేసి పెట్టుకో. మైలేజీ కాస్త తగ్గుతుంది, మీ నాన్నగారి పుస్తకంతో పోల్చుకుని కంగారు పడకు.

కృష్ణలంక_కుర్రోడు
అలాయ్స్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? 14 అంగుళాలు వేస్తే చూపు తిప్పుకోలేరు.

బ్రాడీపేట_జెన్
నేను వేశా, తీసేశా. బరువైన చక్రాలు, వెడల్పు టైర్లు వేసేసరికి స్టీరింగ్ రాయిలా అయింది, ఈ బండ్లకి పవర్ స్టీరింగ్ లేదు కదా. పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకి రాసుకునేది. 12 అంగుళాల అసలు చక్రాలనే గీకి రంగు వేయించి 145 సైజు మంచి టైర్లు వేసుకోండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి చూడండి, 2316 అంటే 2016లో 23వ వారం తయారైంది. అరగకపోయినా అంత పాతవి కొనొద్దు.

మంగళగిరి_మల్టీమీటర్
హెడ్‌లైట్ల సంగతి నాకు వదిలేయండి. హాలోజెన్ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, మీకు రోడ్డు మాత్రం కనపడదు. హైవే మీద మనందరం తిట్టుకునే బండి అదే.

పాత 800లో లైటు మసకగా ఉండటానికి అసలు కారణం బల్బు కాదు. హెడ్‌లైట్ కరెంటు డాష్‌బోర్డులోని స్విచ్ దాకా వెళ్ళి తిరిగొస్తుంది. 55 వాట్ల బల్బులు రెండంటే తొమ్మిది ఆంపియర్లు, సన్నటి పాత తీగల్లో, తుప్పు పట్టిన కనెక్టర్లలో. దారిలోనే వోల్టేజీ పోతుంది. బల్బు దగ్గర మీటరు పెట్టి చూడండి. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది.

మందు: లో బీముకి ఒకటి, హై బీముకి ఒకటి, రెండు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్, ఆ ఫ్యూజ్ నుంచి రిలే 30 నంబరు కాలు. 87 నుంచి మందపాటి తీగతో బల్బుకి. 85, 86 కాయిల్ కాళ్ళు, పాత హెడ్‌లైట్ కనెక్టర్ వాటికి. స్విచ్ మీద భారం పోతుంది, మామూలు బల్బే పట్టపగల్లా వెలుగుతుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ లేకుండా మాత్రం ఒక్క తీగా లాగొద్దు. నీళ్ళలో మునిగిన వైరింగ్‌లో కనెక్టర్లన్నీ విప్పి, పచ్చగా చిలుం పట్టినవి కోసి కొత్తవి వేయండి. ఎర్త్ తీగలు బాడీకి బిగిసే చోట రేకు మెరిసేదాకా గీకండి, సగం కరెంటు రోగాలు అక్కడే పోతాయి.

సింగ్‌నగర్_800
ఈ ఒక్క పోస్టు ప్రింటు తీసి షెడ్డులో అంటించా.

రంగులరాట్నం_రామవరప్పాడు
పెయింట్ మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఇరవై ఏళ్ళుగా బళ్ళకి రంగులేస్తున్నా. ఇంట్లో చేసుకోగలిగింది గీకడం, నీళ్ళ పేపరు రుద్దడం, లప్పం పెట్టడం, ప్రైమర్ కొట్టడం. అక్కడిదాకా శుభ్రంగా చేసుకోండి, ఖర్చులో సగం పైన మిగులుతుంది. లప్పం పల్చగా పెట్టాలి, తుప్పు మీద పెట్టకూడదు. పైకి ముస్తాబు చేసినా వానాకాలం రాగానే పొక్కులు లేస్తాయి.

పై కోటు మాత్రం పెయింట్ బూత్‌లో వేయించండి. ఇప్పుడు వాడే రెండు డబ్బాలు కలిపే పెయింట్‌లో హార్డెనర్ ఉంటుంది, ఆ పొగమంచు ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ముక్కుకి రుమాలు కట్టుకుంటే ఆగదు. మా వయసు పెయింటర్లలో ఆయాసం ఎందుకొచ్చిందో మాకిప్పుడు తెలుస్తోంది.

కృష్ణలంక_కుర్రోడు
గుంటూరు మిర్చి ఎరుపు వేయించన్నా!

ఆర్సీ_గురువు
ఆర్సీలో తెలుపు ఉంటే తెలుపే. మార్చాలంటే దానికీ అనుమతి, ఆర్సీలో నమోదు.

సింగ్‌నగర్_800
తెలుపేనండీ. నాన్నది తెల్ల బండి.

నాలుగు నెలల తర్వాత రాస్తున్నా. మూడు బోర్లూ అర మిల్లీమీటర్ పెంచి కొట్టించాను, ఫ్లోరు డ్రైవర్ వైపు మొత్తం కొత్త రేకు, రెండో వైపు సగం. వెల్డింగ్‌కి టింకర్‌ని ఇంటికి పిలిపించా, కోయడం గీకడం నాదే. రిలేలు వేశా. బండి నా పేరు మీదకి మారింది, ఫిట్‌నెస్ మిగిలింది. ఇప్పటికి డెబ్బై ఒక్క వేలయింది, బిల్లులన్నీ దాచా. సీట్ల ఫోమ్ మొత్తం పారేయాల్సి వచ్చింది, ఎంత ఉతికినా బురద వాసన పోలేదు.

నిన్న సాయంత్రం స్టార్ట్ చేశా. ముందు ప్లగ్గులు విప్పి ఉంచి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ తిప్పి, అప్పుడు ప్లగ్గులు బిగించి. మూడోసారికి అందుకుంది. సైలెన్సర్ చివర నుంచి కాసిని నీళ్ళు, కొంచెం పొగ. తర్వాత ఆ పాత శబ్దమే. వీధి చివర నుంచి వినగానే నాన్న వచ్చారని అమ్మ స్టవ్ మీద పాలు పెట్టేది, ఆ శబ్దం. అమ్మ గుమ్మంలో నిలబడి వింది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి పాలు పెట్టింది.

మైలేజీ పుస్తకంలో ఇంకా పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. పెన్సిల్ కొన్నా.

బ్రాడీపేట_జెన్
ఇది చదివి మా అమ్మకి వినిపించా.

లేత్_బాబాయ్
మొదటి వెయ్యి కిలోమీటర్లు తొక్కేయకు. రింగులు సర్దుకోవాలి. 500 దగ్గర ఆయిల్ మార్చు.

పటమట_పానా
బండి ఇంకా కదపలేదు కదా? బ్రేకుల సంగతి ఎక్కడా రాయలేదు నువ్వు. వెనక డ్రమ్ములు విప్పావా? లోపల దుమ్ము నోటితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడువు. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్ అన్నీ కొత్తవి వెయ్యి. బ్రేక్ ఆయిల్ సీలు తీయని సీసా, వేరే బండికి వాడగా మిగిలింది వద్దు, అది కూడా తేమ పీలుస్తుంది.

సింగ్‌నగర్_800
డ్రమ్ములు విప్పి కడిగా, వీల్ సిలిండర్లు కొత్తవే, మాస్టర్ సిలిండర్ కూడా. గొట్టాల్లో ఒకటి తుప్పు పట్టి ఉంటే మార్చేశా. బ్లీడింగ్, అంటే గొట్టాల్లో గాలి తీయడం, మిగిలింది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలెట్టాలని చదివా. లోపల కూర్చుని పెడల్ తొక్కడానికి ఒక మనిషి కావాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు.

కృష్ణలంక_కుర్రోడు
ఆదివారం పొద్దున్న ఏడింటికి వస్తా. లొకేషన్ పెట్టన్నా.

పటమట_పానా
"తొక్కి పట్టుకో" అన్నప్పుడు తొక్కి పట్టుకో, నిపుల్ బిగించేదాకా వదలకు. మధ్యలో ఫోన్ వచ్చినా సరే.

నల్లపాడు_నట్టు
నేనూ వస్తున్నా. జాకీ కూడా తెచ్చుకోవాలి కదా.